పరాన్నజీవి కలుపు: లెక్క పైన, పోరాటం వేరులో

పొగాకులో మల్లె, వరి మాగాణి మినుములో బంగారు తీగ, జొన్నలో స్ట్రైగా వంటి పరాన్నజీవి కలుపును తట్టుకునే రకాల ఎంపికలో ప్రధానంగా నమోదయ్యేది పైకి కనిపించిన కలుపు మొక్కల సంఖ్య. ఈ కొలత అవసరమే గాని చాలదు. సంఖ్య తక్కువైన రకం నిజంగా నిరోధకమా, లేక ఆ మడిలో కలుపు విత్తనమే తక్కువగా ఉన్నదా అన్నది దీనివల్ల తేలదు. నిరోధకమే అయినా ఏ దశలో అడ్డుకున్నదో అసలే తెలియదు.

ఆతిథేయి మొక్క ప్రతిస్పందన దశలవారీగా సాగుతుంది. మొదటిది మొలకెత్తే దశ. వేర్లు స్రవించే స్ట్రిగోలాక్టోన్లే మల్లె, స్ట్రైగా విత్తనాలకు మేలుకొలుపు. ఈ వర్గంలో తొలి పదార్థమైన స్ట్రిగాల్ 1966లో పత్తి వేరు స్రావాల నుండి వేరుచేయబడింది. భాస్వరం కొరవడిన నేలలో అనేక పంటల్లో ఈ స్రావం పెరుగుతుంది. జొన్నలో ఎల్‌జీఎస్1 జన్యువు పనిచేయనప్పుడు స్రావంలోని స్ట్రిగోలాక్టోను రకమే మారి, స్ట్రైగా విత్తనం సరిగా మొలకెత్తదని 2017లో వెల్లడైంది.

రెండవది, చూషకం వేరులోకి లేదా కాండంలోకి చొచ్చుకొనే దశ. ఇక్కడ ఆతిథేయి కణాలు కణకవచాలను లిగ్నిన్, కాలోజ్‌లతో దిట్టపరుస్తాయి. కొన్నిచోట్ల తామే మరణించి దారి మూసివేస్తాయి. టమాటలోని క్యూర్1 గ్రాహకం బంగారు తీగను గుర్తించి రక్షణ చర్యలను ప్రేరేపిస్తుందని 2016లో తేలింది. పొద్దుతిరుగుడులోని హెచ్‌ఏఓఆర్7 జన్యువు మల్లె చూషకాన్ని నాళికా కణజాలంతో కలవనీయదని 2019లో రుజువైంది.

అయితే పరాన్నజీవి ఊరకుండదు. బంగారు తీగ సూక్ష్మ ఆర్‌ఎన్‌ఏలను ఆతిథేయిలోకి పంపి దాని జన్యువులను అణచగలదని 2018లో వెలువడిన పరిశోధన చూపింది. బొబ్బర్లలో పలు స్ట్రైగా తెగలను ఎదిరించిన బి301 రకం, బెనిన్ దేశంలో కనిపించిన ఎస్‌జీ4జెడ్ తెగకు లొంగిపోయింది. ఒకే దశలోని ఒకే జన్యువుపై ఆధారపడిన రకానికి ఈ ప్రమాదం ఎప్పుడూ పొంచి ఉంటుంది. వేర్వేరు దశల నిరోధకతను ఒకే రకంలో కూర్చాలంటే, ఏ వంగడం ఏ దశలో అడ్డుకుంటున్నదో ముందుగా తెలియాలి.

ఇందుకు ఖరీదైన ప్రయోగశాల అనివార్యం కాదు. పొలంలో తక్కువ సంఖ్య చూపిన కొద్ది వంగడాలనే పారదర్శక వేరు పెట్టెల్లో పెంచి, మొలకెత్తిన, అతుక్కున్న, నాళికలను చేరిన పరాన్నజీవులను విడివిడిగా లెక్కించవచ్చు. వేరు ఛేదాలకు రంజనం వేసి సూక్ష్మదర్శినిలో పరిశీలించడం స్నాతకోత్తర విద్యార్థులకు చక్కని పరిశోధనాంశం. విత్తనం సేకరించిన ప్రాంతాన్ని కూడా తప్పక నమోదు చేయాలి.

విస్తరణ శాస్త్రవేత్తలకూ ఈ దశల అవగాహన ముఖ్యం. మల్లె పిలక నేలపై కనిపించే నాటికే అది వేరు నుండి ఆహారం దోచుకొని ఉంటుంది. అప్పుడు పీకడం ఆ పంటను పూర్తిగా కాపాడలేదు. పూత విత్తనంగా మారకముందే పీకితే రాబోయే పంటలను కాపాడుతుంది. కలుపు విత్తనాన్ని మొలిపించి ఆహారం దొరకకుండా చేసే ఎర పంటలు, సమతుల భాస్వరం మొదటి దశలోనే పనిచేస్తాయి. రైతుకిచ్చే ప్రతి సలహా ఏ దశకు చెందినదో స్పష్టంగా చెప్పగలిగినప్పుడే అది సకాలంలో ఆచరణకు వస్తుంది.