తుష్నాబాద్‌లో ఎస్సీల సంఖ్య సున్నా

2011 జనగణన గ్రామ పట్టికలు తెరిచి దక్షిణ అండమాన్ జిల్లా, ఫెరార్‌గంజ్ తహసీల్ దగ్గర ఆగండి. తుష్నాబాద్ పేరుకు ఎదురుగా షెడ్యూల్డ్ కులాల గడిలో సున్నా. పక్క ఊరికీ సున్నాయే, పోర్ట్‌బ్లెయిర్‌కూ సున్నాయే. 3,80,581 మంది జనాభా ఉన్న అండమాన్ నికోబార్ దీవుల్లో, ప్రభుత్వ లెక్క ప్రకారం, ఎస్సీ అనేవారు ఒక్కరూ లేరు.

ఎందుకు లేరు? 341 అధికరణం కింద రాష్ట్రపతి ప్రకటించాల్సిన ఎస్సీ జాబితాను ఈ దీవులకు ఇంతవరకూ ప్రకటించలేదు. ఎస్టీ జాబితా మాత్రం 1959లోనే వచ్చింది. అండమానీలు, జరావాలు, నికోబారీలు, ఓంగీలు, సెంటినలీలు, షోంపెన్‌లు అందులో ఉన్నారు. ఓబీసీ జాబితా కూడా ఉంది, దాని తీరే వేరు. 1942కు ముందు స్థిరపడ్డవాళ్లు, భాంతూలు, మోప్లాలు, కరెన్‌లు అంటూ ఎవరు ఏ దారిన, ఏ కాలంలో వచ్చారన్న దాన్నిబట్టి అది తయారైంది. మాలవాడ నుంచి, మాదిగవాడ నుంచి ఓడెక్కి వచ్చినవాడికి ఏ జాబితాలోనూ చోటు లేదు. 2011 లెక్కల్లో దీవుల జనాభాలో తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్లు 13 శాతం పైచిలుకు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ తీరాల నుంచి వలస వచ్చిన కుటుంబాలు ఎక్కువ. వాళ్లలో దళితులెందరో చెప్పే ప్రభుత్వ పట్టిక ఏదీ లేదు.

ఇది విపత్తుల గురించి రాస్తున్న వ్యాసమే. విపత్తు సహాయం మొదలయ్యేది అల వచ్చిన రోజున కాదు, అంతకు ముందెప్పుడో జరిగిన లెక్క దగ్గర. ఎవరు ఉన్నారు, ఎక్కడ ఉన్నారు, ఎవరి పేరున ఏముంది అన్న కాగితాలు చూసుకునే తహసీల్దారు సంతకం పెడతాడు.

2004 డిసెంబర్ 26 సునామీలో ఈ దీవుల్లో చనిపోయినవాళ్లు, గల్లంతైనవాళ్లు కలిసి అధికారిక లెక్కలోనే మూడున్నర వేల మంది. అత్యధికులు నికోబార్ వాళ్లు. దక్షిణ అండమాన్‌లో ప్రాణనష్టం తక్కువ, నేల నష్టం ఎక్కువ. భూకంపానికి అక్కడి నేల సుమారు ఒక మీటరు కుంగింది. సిప్పీఘాట్ వరి పొలాల మీదికి వచ్చిన ఉప్పునీరు వెనక్కి పోనేలేదు. అప్పుడు పరిహారం ఎలా ఇచ్చారు? పడవ పోయినవాడికి పడవకు, చెట్టు పోయినవాడికి చెట్టుకు, పొలం పోయినవాడికి పట్టాలో ఉన్న విస్తీర్ణానికి. 2005లో కొందరు బాధితుల చేతికి 2 రూపాయల చెక్కులు వచ్చాయన్న వార్త దేశమంతా నవ్వుకునేలా చేసింది. ఆ చెక్కు గుమస్తా పరాకు వల్ల వచ్చింది కాదు, ఆస్తిని కొలిచి నష్టాన్ని లెక్కగట్టే పద్ధతిలోంచే వచ్చింది. ఆ పద్ధతిలో 2 రూపాయలవాడికన్నా కింద ఇంకొకడున్నాడు. వాడు ఆ పొలంలో కూలికి పోయేవాడు, ఆ పడవ మీద వల లాగేవాడు. వాడి పేరున ఏమీ లేదు కనుక కాగితం మీద వాడు పోగొట్టుకున్నదీ ఏమీ లేదు.

దానికి తోడు అండమాన్‌లో ‘ఎన్‌క్రోచర్’ అనే ముద్ర ఒకటుంది. 1978కి ముందు అటవీ భూమిలో గుడిసె వేసుకున్నవాళ్లను క్రమబద్ధం చేయవచ్చు, తర్వాత వచ్చినవాళ్లను ఖాళీ చేయించాలి అన్నది విధానం. 2002లో సుప్రీంకోర్టు ఉత్తర్వు దాన్ని ఇంకా బిగించింది. అడవి పోకూడదన్నది సరైన మాటే. అయితే ఆలస్యంగా వచ్చినవాడు ఎవడు? శరణార్థిగా ప్రభుత్వం తెచ్చి భూమి ఇచ్చినవాడు కాదు, ప్రభుత్వ ఉద్యోగంతో క్వార్టర్‌లోకి దిగినవాడు కాదు. రోడ్డు పనికో, జెట్టీ పనికో మేస్త్రీ వెంట వచ్చినవాడు. మన ఊళ్లలో అలా మేస్త్రీ వెంట పోయే జనం ఏ పేటల నుంచి పోతారో సామాజిక శాస్త్ర విద్యార్థులకు నేను చెప్పనక్కర్లేదు.

‘సునామీకి కులం లేదు’ అంటారు. అలకు లేదు, నిజమే. క్యూకు ఉంది. అదే సునామీ తర్వాత నాగపట్నం జిల్లాలో దళితులను శిబిరాల్లోకి రానివ్వకపోవడాన్నీ, తాగునీటి ట్యాంకులు ముట్టనివ్వకపోవడాన్నీ దళిత సంఘాలు, హ్యూమన్ రైట్స్ వాచ్ నమోదు చేశాయి. అక్కడ నమోదు చేయగలిగారంటే కారణం ఉంది. అక్కడ ఎస్సీ కాలనీకి ఆ పేరుంది, సర్టిఫికెట్ ఉంది, జాబితా ఉంది. ఈ అనుభవాల తర్వాత వచ్చిన విపత్తు నిర్వహణ చట్టం, 2005లో 61వ సెక్షన్ ప్రకారం పరిహారంలో, సహాయంలో లింగం, కులం, సముదాయం, వంశం, మతం ఆధారంగా వివక్ష చూపకూడదు. మంచి సెక్షన్. ఎస్సీలు సున్నా అని రాసుకున్న చోట వివక్ష జరిగిందని ఎవరు, ఏ గణాంకంతో రుజువు చేయాలి?

ఈ సున్నాకు ఒక చరిత్ర ఉంది, అంబేడ్కరైట్లకు అది మరీ నొప్పి కలిగించేది. 1946లో బాబాసాహెబ్‌ను బెంగాల్ నుంచి రాజ్యాంగ సభకు పంపింది జోగేంద్రనాథ్ మండల్, ఆయన వెనక నిలిచిన నామశూద్రులు. విభజన ఆ జనాన్నే శరణార్థులను చేసింది. 1949 నుంచి తూర్పు పాకిస్తాన్ శరణార్థులను దక్షిణ అండమాన్ పల్లెలకు ఓడల్లో తెచ్చారు. వాళ్లలో నామశూద్రులు పెద్ద సంఖ్యలో ఉన్నారు. బెంగాల్‌లో ఎస్సీలుగా ఉన్నవాళ్లు ఓడ దిగేసరికి ‘సెటిలర్లు’ అయ్యారు. రాజ్యాంగ సభకు అంబేడ్కర్‌ను ఇచ్చిన సముదాయానికి ఆ రాజ్యాంగంలోని 341 అధికరణం ఇక్కడ అందలేదు. ఛోటానాగ్‌పూర్ నుంచి అడవులు కొట్టడానికి తెచ్చిన ఒరావ్, ముండా, ఖరియా ఆదివాసులదీ అదే గతి. దీవుల్లో వాళ్లను ‘రాంచీలు’ అంటారు. ఎస్టీలు మాత్రం అనరు.

వీళ్లందరినీ ఎక్కడ దించారో కూడా చూడాలి. తుష్నాబాద్‌కు కాస్త దూరంలోని తిరూర్ వెనక జరావా రిజర్వు మొదలవుతుంది. జరావాల అడవిని నరికించింది ఈ జనం చేతులతో, ఆ అడవి అంచున కాపలా గోడలా నిలబెట్టిందీ ఈ జనాన్నే. కాబట్టి ఎస్సీ జాబితా అడగడమంటే దీవుల మూలవాసుల హక్కుకు ఎసరు పెట్టడమే అని ఎవరైనా అంటే, ఆ ఎసరు పెట్టింది ఎవరో ముందు చెప్పమనాలి. ఇవాళ గ్రేట్ నికోబార్‌లో 72,000 కోట్ల రూపాయల ఓడరేవు, టౌన్‌షిప్ ప్రాజెక్టు కోసం సుమారు 130 చదరపు కిలోమీటర్ల అడవిని మళ్లిస్తున్నది నామశూద్రుడూ కాదు, మాదిగా కాదు. 2004లో నాలుగు మీటర్లకు పైగా కుంగిన ఇందిరా పాయింట్ ఉన్న దీవి అది. సునామీతో ఊళ్లు పోయిన నికోబారీలు తిరిగి తమ తీరానికి పోతామంటే పోనివ్వని ప్రభుత్వమే అక్కడ లక్షల జనాభాతో నగరం కడతానంటోంది.

అసలైన అభ్యంతరం ఇంకొకటి. అండమాన్ ‘మినీ ఇండియా’, ఇక్కడ కులం కరిగిపోయింది అంటారు. శిక్షపడి వచ్చినవాళ్ల సంతతిలో కులాలు కలిసిపోయిన మాట కొంతవరకు నిజం, దాన్ని కాదనను. కానీ ఆ తర్వాత వచ్చిన తెలుగు, తమిళ, బెంగాలీ కుటుంబాలు పెళ్లిళ్లకు సొంత ఊళ్లకు ఎందుకు పోతున్నాయి? కులం కరిగిందో లేదో తేల్చడానికి సర్వే చేయాలి. సర్వే చేయడానికి కులం గడి ఉండాలి. గడి తీసేసి, కనబడటం లేదు కనుక లేదు అనడం మన విశ్వవిద్యాలయాల్లో కూడా బాగా తెలిసిన వాదనే.

పోనీ, సొంత రాష్ట్రపు సర్టిఫికెట్ వాడుకోవచ్చుగా? 1990లో మర్రి చంద్రశేఖరరావు కేసు చదవండి. ఆంధ్రప్రదేశ్‌లో ఎస్టీ గుర్తింపున్న కుటుంబం కుర్రాడు తండ్రి ఉద్యోగరీత్యా బొంబాయి చేరి, అక్కడి మెడికల్ కాలేజీలో ఎస్టీ సీటు అడిగాడు. ఒక రాష్ట్రపు గుర్తింపు ఇంకో రాష్ట్రంలోకి వెంట రాదని రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. సముద్రం దాటినవాడి గుర్తింపు సముద్రంలోనే పోయింది. ఎస్సీ ఉప ప్రణాళిక నిధులు జనాభా నిష్పత్తిని బట్టి ఉంటాయి. జనాభా సున్నా అయితే నిధీ సున్నాయే. శాసనసభ లేని కేంద్రపాలిత ప్రాంతం, లోక్‌సభలో ఉన్నది ఒకే ఒక్క సీటు. ఈ మాట ఎత్తడానికి రిజర్వుడు స్థానం అన్నదే లేదు.

వాతావరణ మార్పు ప్రణాళికల్లో ‘బలహీన తీరప్రాంత సముదాయాలు’ అన్న మాట ఇప్పుడు తప్పనిసరి అలంకారమైంది. ఉప్పెక్కిన పొలం యజమానీ, అందులో కూలి పోగొట్టుకున్నవాడూ ఆ మాటలో ఒకే సముదాయం. పరిశోధకులు కూడా ఆ మాటను అలాగే తీసుకుని పట్టికలు వేస్తున్నారు.

2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా పెట్టుకుని జరిగే జనగణనలో అందరి కులం నమోదు చేస్తామని కేంద్రం ప్రకటించింది. ఈ దీవుల్లో ఏదైనా మాల ఇంటి ముందు, నామశూద్ర ఇంటి ముందు నిలబడిన ఎన్యూమరేటర్ వాళ్లు చెప్పిన కులాన్ని ఏ గడిలో రాస్తాడు? ఎస్సీ గడి తెరవడానికి జాబితా లేదు. ‘ఇతరులు’లో వేస్తే ఇంకో పదేళ్లు సున్నా సున్నాగానే ఉంటుంది. రిజిస్ట్రార్ జనరల్ దీనికి లెక్క మొదలయ్యేలోపే రాతపూర్వకంగా జవాబివ్వాలి. సామాజిక న్యాయ మంత్రిత్వ శాఖ అండమాన్‌కు 341 కింద జాబితా ఎందుకు వేయలేదో ఫైలుతో సహా బయటపెట్టాలి. అది వచ్చేవరకు సునామీ పరిహార రికార్డులను భూమి ఉన్నవాళ్లు, లేనివాళ్లు అని విడదీసి చదివే పనైనా మన పరిశోధక విద్యార్థులు మొదలుపెట్టవచ్చు. సమాచార హక్కు దరఖాస్తుకు 10 రూపాయలు. కొందరికి వచ్చిన సునామీ చెక్కుకు అయిదింతలు.