మొండి కోడెయు, తొందర రైతును



సంక్రాంతి వెళ్లినది మొదలు ఏరువాక వచ్చువరకు కోడెదూడలను కాడికి మరపు కాలము. ఏ కోడె ఇంటికి దక్కి మంచి యెద్దగునో, ఏది తక్కువ ధరకు సంతకు పోవునో ఈ నాలుగైదు మాసములలోనే తేలిపోవును. ట్రాక్టర్లు వచ్చిన పిమ్మట గ్రామములలో అరకలు తగ్గిన మాట నిజమే. అయినను చిన్న కమతముల వారికిని, పైరు సాళ్ల నడుమ గుంటక తోలుకొనువారికిని ఎడ్లజతతో అవసరము తీరిపోలేదు. అట్టివారికి కోడెలజత యనగా ఇంటిల్లిపాది కూడబెట్టిన సొమ్ము. పెక్కుసార్లు అప్పు తెచ్చిన సొమ్ము. కావున ఈ విషయమై నాకు తోచినదానిని మీ ముందుంచుచున్నాను. మొండి కోడె యెల్ల చెడ్డ కోడె యని తలపరాదు. దానిని చెరచునది దాని మొండితనముకంటె మన తొందరయే యెక్కువ.

మొండితనమని మనము పిలుచునది చాలవరకు భయము. పశువు కన్నులు తలకు రెండు ప్రక్కల నుండుటచేత దానికి దాదాపు అన్ని వైపులును కనబడును గాని, సరిగా తన వెనుకనున్నది కనబడదు. కనబడని ఆ చోటునుండి దుంగ యీడ్చుకొని వచ్చు చప్పుడు వినబడినచో కోడె బెదరి పరుగెత్తుట సహజము. మనము దానిని పొగరని తలచి కొట్టుదుము. అంతట దెబ్బయు, చప్పుడును, కాడియు దాని మనస్సున ఒకటిగా కలిసిపోవును. మరునాడు కాడిని చూచినంతనే వెనుకకు తగ్గును.

అలెగ్జాండరు బాలుడై యున్నప్పుడు, ఎవ్వరికిని లొంగని గుర్రమొకటి తన నీడను చూచియే బెదరుచున్నదని గ్రహించి, దాని మొగమును సూర్యునివైపు త్రిప్పి, మెల్లగా మచ్చిక చేసి, పిదప నెక్కెనని గ్రీకు రచయిత ప్లూటార్కు వ్రాసియున్నాడు. తక్కినవారు గుర్రపు బలమును చూచి జంకిరి. ఆ బాలుడు దాని బెదరునకు కారణమును వెదకెను. మన కోడె విషయమునను చేయవలసిన మొదటి పని యదియే.

రెండవ కారణము నొప్పి. కాడి రాచుకొని మెడ వాచినను, ముకుతాడు పోసిన చోట పుండు మానకున్నను, గిట్టలో ముల్లు విరిగియున్నను కోడె నడువదు. జతలో ఒకటి ఎత్తు, ఒకటి పొట్టియైనచో కాడి ఒకవైపునకు వాలి ఒకదాని మెడనే ఒరయును. నిన్న నడచిన కోడె నేడు మొరాయించినచో కర్ర తీయుటకు ముందు మెడ తడిమి చూడుడు, కాలెత్తి చూడుడు. ఈ పరీక్షకు పట్టు కాలము చుట్ట కాల్చునంత యైన నుండదు.

ఇక మరపు పద్ధతి. కొత్త కోడెను కొత్త కోడెతో కట్టరాదు. ఆవు చేలో మేసినప్పుడు దూడ గట్టున మేయునా యన్న సామెత ఇచ్చట మంచికిని వర్తించును. అనుభవముగల నిదానపు టెద్దు ప్రక్కన కట్టినచో సగము పాఠము అదియే నేర్పును. మొదట ఖాళీ కాడితో బాటవెంట నడపుట, పిదప తేలిక దుంగ, పిదప దున్నిన మెత్తని నేలలో గుంటక, తుదకు నాగలి. ఉదయము కొంతసేపు, సాయంకాలము కొంతసేపు చాలును. దాపట నేర్చుకొన్న కోడెను మధ్యలో వలపటికి మార్చిన తికమకపడును.

అన్నిటికంటె ముఖ్యమైనది పగ్గము వదలు సమయము. కోడె ఒక్క అడుగు ముందుకు వేసిన క్షణముననే పగ్గము సడలింపవలెను. ఆ సడలింపే దానికి బహుమానము. అడుగు వేసిన తరువాతను లాగుచుండినచో వేసినందువలన లాభమేమని అది ఊరకుండును. లాగుట యెల్లరును ఎరుగుదురు. వదలుట కొందరే యెరుగుదురు.

ఈ పని ఏటవాలుగా పైకి పోవు దారి కాదు, మిట్టపల్లములు తప్పవు. మెట్ట గ్రామమొకదానిలో నేను చూచిన కోడె సంగతి చెప్పెదను. మొదటి అయిదు దినములు ముసలి యెద్దు ప్రక్కన చక్కగా నడచినది. ఆరవనాడు దుంగ కట్టగా బెదరి, తాడు త్రెంచుకొని పొరుగువారి మిరపచేను త్రొక్కినది. రైతు మరల ఖాళీ కాడికే మరలి మూడు దినములు నడిపెను. పండ్రెండవనాడు దుంగను మారుమాట లేక లాగెను. అతడు సంతోషించి రెండు దినములకే నాగలి పూన్చి పూటంతయు దున్నింపబోయెను. కొన్ని సాళ్లు తిరుగకమునుపే కోడె చేనిలో పండుకొనినది. చుట్టుప్రక్కలవారు మూగిరి. ఒకరు తోక మెలిపెట్టుమనిరి, ఒకరు గడ్డి ముట్టింపుమనిరి.

ఆ రైతు ఎవరి మాటయు వినక, మూగినవారిని పంపివేసి, మెడతాడు కొంచెము వదులు చేసి, ప్రక్కన కూర్చుండెను. కొంతసేపటికి కోడె తనంతట లేచినది. పది యడుగులు నడిపించి అప్పుడు కాడి విప్పెను. చూడగా మెడ వాచియున్నది. వాపు తీయువరకు విశ్రాంతి యిచ్చి మరల దుంగతో మొదలిడెను. తొలకరి నాటికి ఆ కోడె తక్కిన యెడ్లతో సమముగా దున్నినది.

ఇందు రెండు సంగతులు గమనింపుడు. పండుకొనినదని కొట్టలేదు, పండుకొనియున్నంతసేపు కాడియు విప్పలేదు. పండుకొనగానే విప్పి యింటికి తోలినచో పండుకొనుటయే నేర్చును. కావున దయ వేరు, లొంగిపోవుట వేరు. ప్రతిదినము పాఠము ఏదో యొక చిన్న గెలుపుతో ముగియవలెను. వెనుకకు తగ్గిన దినమున ముందటి మెట్టునకు మరలుట అవమానము కాదు.

కర్ర లేనిదే గొడ్డు లొంగదని పెద్దలనెదరు. కర్ర చేతనుండుటకు నా యభ్యంతరము లేదు. తాకి దారి చూపుటకు అది పనికివచ్చును. నేను వలదనునది ముల్లుకర్ర, తోక మెలిపెట్టుట, మంట పెట్టుట. మెలిపెట్టిన తోక యెముక విరుగవచ్చును. అట్టి యెద్దునకు సంతలో ధర తగ్గును. చట్టమును దీనికి ఒప్పదు. 1960వ సంవత్సరపు చట్టము పశువుల యెడ క్రూరత్వమును నేరముగా నెంచినది. దాని ననుసరించి 1965లో వెలువడిన నిబంధనలు బండి లాగు పశువులతో దినమునకు 9 గంటలకు మించియు, విశ్రాంతి లేక 5 గంటలకు మించియు పని చేయింపరాదనియు, ముండ్లు గల కర్రలు వాడరాదనియు శాసించుచున్నవి. పనిలో ఆరితేరిన యెడ్లకే ఇన్ని హద్దులుండగా లేత కోడెకు ఎంత తక్కువ పని తగునో మీరే యోచింపుడు.

రోషము గల పశువును వదలుకొనుట నష్టము. మైసూరు సీమ అమృతమహల్ పశువులు రోషమునకును, వేగమునకును, ఓర్పునకును పేరుగన్నవి. హైదరాలీ, టిప్పు సుల్తానులు తమ సైన్యపు బరువులకు ఆ జాతి యెడ్లనే వాడిరి. వానిని మచ్చిక చేయుట కష్టమని యెరిగియు విడువలేదు. మన ఒంగోలు కోడె స్వభావమున అంతకంటె సాధువు. దానినే మొండిదని అమ్మివేయుదుమా?

సంఘముల పక్షమున రెండు మాటలు. ఏరువాక ముంగిట అప్పు తీసి, మరపని కోడెలను కొని, వారము దినములలో నాగలికి పూన్చుటవలననే పెక్కు జతలు చెడుచున్నవి. కోడెల కొనుగోలునకు అప్పు కోరు సభ్యులకు సంక్రాంతి తరువాతనే సొమ్ము చేరునట్లు సంఘములు ఏర్పాటు చేసిన మరపుటకు వ్యవధి కలుగును. రెండవది, నిదానపు ముసలి యెద్దుగల సభ్యుడు దానిని పొరుగు సభ్యుని కోడెకు జతగా కొన్ని వారములు ఎరవిచ్చుట. గడ్డియు, తవుడును ఎరవు తీసికొన్నవాడు భరించిన చాలును. రొక్కముతో పనిలేని సహకారమిది. ముసలి యెద్దునకు తేలిక పని, కోడెకు గురువు, ఇరుగుపొరుగులకు స్నేహము. ఈ యేడు మీ గ్రామములో ఒక్క కోడెనైన నిట్లు మరపి, తొలకరి దుక్కి నాడు దాని నడక చూడుడు.