గజం ఎక్కడికి పోయింది?

‘‘సార్, దస్తావేజుల 200 గజాలున్నది. మీ నక్షల 199 అంటున్నరు. ఆ ఒక్కటి కలిపెయ్యండి సార్, ఏం పోతది?’’

సికింద్రాబాద్‌లో ప్లాట్లు కొలిచి పొట్టపోసుకునే ఏ సర్వేయరునైనా అడగండి. ఈ మాట వినలేదనేవాడు దొరకడు. గజం లక్ష రూపాయలు పలికే వీధిలో అడిగేవాడి గుబులూ అబద్ధం కాదు. పిల్ల పెళ్లికనో, పిల్లాడి చదువుకనో దాచిన స్థలం అది. నిన్నటిదాకా 200, ఇవాళ 199. పక్కింటాయన జరిగాడా? అమ్మినవాడు మోసం చేశాడా? లేక ఈ మిషన్ పెట్టుకొచ్చిన కుర్రాడికే పని రాదా? ఎక్కువమంది మూడోదాన్నే నమ్ముతారు!

నిజానికి చాలాసార్లు ఆ గజాన్ని ఎవరూ ఎత్తుకుపోరు. తిరుమలగిరి, అల్వాల్ వైపు నేలంతా రాళ్లూ వాలూ. పాతరోజుల్లో గుడ్డ టేపును నేల మీదే పరిచి, వాలు వెంబడి లాగి 60 అడుగులని రాసుకున్నారు. ఇప్పటి టోటల్ స్టేషన్ వాలును లెక్కలోంచి తీసేసి, మట్టంగా ఎంత దూరమో చెబుతుంది. ఆ 60 అడుగుల్లో నేల 6 అడుగులు ఎత్తు లేచిందనుకోండి, మట్టం కొలత 59.7 అడుగులే వస్తుంది. తేడా మూడున్నర అంగుళాల చిల్లర. దాన్ని 30 అడుగుల వెడల్పుతో హెచ్చిస్తే 9 చదరపు అడుగులు... అంటే సరిగ్గా ఒక గజం!

ఈ లెక్క కాగితం మీద చెబితే ఎవరికీ ఎక్కదు. అనుభవమున్న సర్వేయరు ‘మీకు తెలీదు లెండి’ అని విసుక్కోడు. ‘‘రండి పెద్దాయనా, మీరే పట్టుకోండి’’ అని టేపు ఒక కొస ఆయన చేతికే ఇస్తాడు. ఒకసారి నేలకానించి, మరోసారి ముక్కలు ముక్కలుగా మట్టంగా పట్టి గుండు వేలాడదీసి కొలుస్తాడు. అరగంట పని. మూడు ఫోన్లు, రెండు తగాదాలు మిగులుతాయి.

అలాగని ప్రతిసారీ అడిగినవాడిదే పొరపాటని కాదు. ‘మా గోడను బయటి నుంచి కొలవాలి కదా, లోపలి నుంచి ఎందుకు కొలిచారు?’ అన్నది మంచి ప్రశ్న. తొమ్మిదంగుళాల గోడ ఇద్దరిదీ అయితే సగం ఇటు, సగం అటు. 60 అడుగుల పొడవున ఆ సగమే రెండున్నర గజాలు. గోడ ఎవరు కట్టారు, ఎవరి నేలలో కట్టారు అన్నది మొదటిరోజే అడగకుండా గీత గీసినవాడు మళ్లీ రావాల్సిందే. పేరులో అక్షరం తప్పు, రోడ్డు వెడల్పు, ఉత్తరం బాణం, వదిలేసిన బోరుబావి... ఇవన్నీ చిరునవ్వుతో దిద్దాల్సినవే. గీతను ఎలా చూపాలో చెప్పే హక్కు డబ్బిచ్చేవారికి ఉంది. నేల మీద లేని అంకె వేయమనే హక్కు లేదు.

ఇక్కడ ఇంకో తిరకాసు. సికింద్రాబాద్‌లో కొంత నేల కంటోన్మెంట్‌ది, పక్కదే మామూలు రెవెన్యూది. కంటోన్మెంట్ భూముల వివరాలు జనరల్ ల్యాండ్ రిజిస్టర్‌లో ఉంటాయి. అవతల సర్వే నంబర్లు, టిప్పన్లు, గుంటలు (గుంటకు 121 గజాలు). ప్రైవేటు సర్వేయరు తన నక్షలో ఏ మార్పు చేసినా ఈ రికార్డుల్లో చుక్క కూడా కదలదు. ఆ ముక్క ముందే చెప్పకపోతే, నక్ష మారగానే హక్కు మారిందనుకుని జనం సంబరపడతారు. తర్వాత తిట్టేదీ సర్వేయరునే.

కొలతల పుస్తకంలో అంకె తప్పు పడితే రబ్బరుతో చెరపకూడదన్నది ఈ వృత్తిలో పాత కట్టుబాటు. అడ్డగీత కొట్టి, పైన సరైన అంకె రాసి, పొడి సంతకం పెట్టాలి. మళ్లీ కొలవడం చిన్నతనమూ కాదు. ఎవరెస్ట్ శిఖరానికి పేరిచ్చిన జార్జ్ ఎవరెస్ట్ 1818లో లాంబ్టన్ దగ్గర సహాయకుడిగా చేరింది మన హైదరాబాద్‌లోనే. లాంబ్టన్ బృందం 1815లో బీదర్ దగ్గర గొలుసుతో కొలిచిన ఆధారరేఖను, ఎవరెస్ట్ హయాంలోనే 1841లో లోహపు కడ్డీలతో మళ్లీ కొలిచారు. దేశాన్ని కొలిచినవాళ్లకే తప్పలేదు. కాకపోతే వాళ్లు కొత్త అంకె కోసం మళ్లీ నేల మీదికి వెళ్లారు, బల్ల దగ్గర కూర్చుని కలిపెయ్యలేదు.

అన్నిటికన్నా ఓపిక కావాల్సింది అన్నదమ్ముల పంపకాల్లో. మారేడుపల్లిలో పాత పెంకుటిల్లు, ఇద్దరు కొడుకులు, మధ్యలో ఒక బావి అనుకోండి. పొద్దున పెద్దవాడు ఫోన్ చేసి గీత ఇటు జరపమంటాడు. సాయంత్రం చిన్నవాడు అటు జరపమంటాడు. ఎవరికివారికి విడివిడిగా మార్చి ఇచ్చాడా, సర్వేయరు మూడో అన్నదమ్ముడైపోతాడు! తెలిసినవాడు, ‘‘అన్నా, తమ్ముణ్ని కూడా కూర్చోబెట్టు, ఇద్దరి ముందే గీస్తా’’ అంటాడు. ప్రతి నక్ష మీదా మొదటి సవరణ, రెండో సవరణ అని వేసి, తేదీ రాసి, పాత కాపీలు వెనక్కి తీసుకుంటాడు. లేకపోతే ఆ పాత జిరాక్స్ అయిదేళ్ల తర్వాత బ్యాంకులోనో కోర్టులోనో తేలుతుంది. రెండు నక్షల మీదా అతని సంతకమే ఉంటుంది.

ఇక డబ్బు సంగతి. చిన్న దిద్దుబాట్లు ఎన్నిసార్లయినా ఉచితం, మనుషుల్ని తీసుకుని మళ్లీ సైటుకు రావాలంటే ఇంత అని అడ్వాన్సు తీసుకున్నరోజే కాగితం మీద రాసిచ్చేవాళ్లున్నారు. మొహమాటానికి రాయనివాళ్లు నాలుగోసారి వెళ్లినప్పుడు టీ తాగి తిరిగొస్తారు.