చదివింపుల పద్దు

ఒక ఆదివారం సాయంత్రం మా వీధి చివరింటి అమ్మాయి ఒక గుడ్డసంచీ మోసుకువచ్చి నా బల్ల మీద బోర్లించింది. సంచీ నిండా ఆ అమ్మాయి నడిపే పత్రిక ప్రతులు.

పత్రిక అంటే మీరేదో పెద్దగా ఊహించుకోకండి. రెండు కాగితాలు మడిచి మధ్యన పిన్ను కొడితే ఎనిమిది పుటలు. నెలకొకసారి జెరాక్సు దుకాణంలో నూరు ప్రతులు తీయించి మార్టూరులోనూ, బొల్లాపల్లి, వలపర్ల, ద్రోణాదుల వంటి చుట్టుపక్కల ఊళ్ళలోనూ తెలిసినవాళ్ళకు పంచిపెడుతుంది. మిరప చేలల్లో, పత్తి చేలల్లో ముసలివాళ్ళ నోట ఇంకా మిగిలి వున్న మాటలను పోగుచేసి, ఆ మాట వెనక వున్న పనేమిటో నాలుగు ముక్కల్లో చెప్పడం ఆ పత్రిక ఉద్యోగం. ట్రాక్టరు చప్పుడు వింటూ పెరిగిన పిల్లలకు గొర్రు ఏమిటో, గుంటక ఏమిటో తెలియదు గదా! నిజం ఒప్పుకోవాలంటే, ఈ నల్లరేగడి మీదనే పుట్టిన నాకే అందులో సగం మాటలు కొత్త.

“ఇవన్నీ ఇక్కడికెందుకు తెచ్చావమ్మా?” అన్నాను.

“మీ ఇంట్లో వుంచండి బాబాయ్. మా ఇంట్లో వుంటే నాన్న పొయ్యిలో పెట్టేట్టున్నాడు. వచ్చే నెల నుంచి మానేస్తున్నాను,” అంది.

సంగతేమిటంటే, మూడు నెలల క్రితం ఈ అమ్మాయి రాష్ట్రంలో వున్న పెద్దా చిన్నా పత్రికలు ముప్ఫయింటికి తన పత్రిక ప్రతి ఒకటీ, వుత్తరం ఒకటీ పంపింది. పోస్టు ఖర్చు తాను దాచుకున్న డబ్బులోనిదే. ముప్ఫయిమందిలో ఒక్కరు పలికితే ఒట్టు. ఆ వుత్తరం నకలు చూపించమన్నాను. చూపించింది. ‘ఆర్యా, మా పత్రికను మీ పత్రికలో పరిచయం చేయ ప్రార్థన. అట్లు చేసినచో మీ పత్రికను మేము కూడా తప్పక పరిచయం చేయగలము.’ అంతే. ముప్ఫయిమందికీ అదే వుత్తరం. పైన చిరునామా ఒక్కటే వేరు.

“వీళ్ళలో ఎందరి పత్రికలు నువ్వు చదివావు?” అని అడిగాను.

కాసేపు సంచీ పట్టెడతో ఆడుకుని, “ఇద్దరివి చూశాను,” అంది.

“చదివావా, చూశావా?”

“అట్ట చూశాను.”

మన పెళ్ళిళ్ళలో చదివింపుల పద్దు ఒకటి వుంటుంది. పందిట్లో ఒక మూల చాప వేసుకుని ఒకాయన కూర్చుంటాడు. ఫలానావారు నూటపదహార్లు అని పైకి చదివి పుస్తకంలో వ్రాస్తాడు. ఆ పుస్తకం పెళ్ళివారింట్లో పెట్టె అడుగున భద్రంగా వుంటుంది. అవతలివారింట్లో శుభకార్యం వచ్చినప్పుడు దాన్ని తీసి చూచి, అంతకు తక్కువ కాకుండా తిరిగి చదివిస్తారు. నేను దాన్ని ఎగతాళి చేయడం లేదు సుమండీ. ఈ ప్రాంతంలో ఎన్నో పెళ్ళిళ్ళు ఆ సర్దుబాటు మీదనే గట్టెక్కాయి. కాని, మొహం ఎరగనివాడొకడు ‘మా అమ్మాయి పెళ్ళికి మీరు చదివిస్తే మీ అబ్బాయి పెళ్ళికి నేను చదివిస్తాను’ అని ముప్ఫయి ఇళ్ళకు కార్డులు పంపాడనుకోండి, ఆ కార్డు ఏ ఇంట్లోనైనా ఎక్కడికి పోతుంది? ఆ మాటే అన్నాను. పిల్ల మొహం చిన్నబుచ్చుకుంది. కాస్త మెత్తగా చెప్పి వుండవలసింది.

ఆ అమ్మాయి కోరిక మాత్రం తప్పు కాదు. నూరు ప్రతుల పత్రికకు ప్రకటనలు వేసుకునే తాహతు ఎక్కడిది? వ్రాసేవాడు ఇంకొకడు చదివి, ‘ఇదిగో, ఇది చూడండి’ అని తన పాఠకులకు చెబితే తప్ప కొత్త పాఠకుడికి దారి దొరకదు. ఈ ఆనవాయితీ మనవాళ్ళకు కొత్తదీ కాదు. కావ్యం మొదట ఇష్టదేవతా స్తుతి అయిన వెంటనే పూర్వకవి స్తుతి వుంటుంది. (దాని వెనకనే కుకవి నింద కూడా వుంటుందనుకోండి, అది మనకిప్పుడు అక్కర లేదు.) శ్రీనాథుడు కాశీఖండంలో వేములవాడ భీమకవినీ, నన్నయనూ, తిక్కననూ, ఎర్రననూ తలచుకున్నప్పుడు నలుగురినీ ఒక్క దండతో సరిపెట్టలేదు. ఒక్కొక్కరి నడకలో తాను పట్టుకున్నదేమిటో విడివిడిగా చెప్పాడు. చదివినవాడికి తప్ప అలా చెప్పడం సాధ్యం కాదు.

ఎర్రన మాట వచ్చింది గనక చెబుతాను. మార్టూరులో బస్సెక్కి ఒక కునుకు తీసేలోగా అద్దంకి వస్తుంది. 14వ శతాబ్దంలో ప్రోలయవేమారెడ్డి రాజ్యం చేసిన ఊరు అది. ఎర్రన ఆయన ఆస్థానకవి. అంతకు మూడు శతాబ్దాల ముందు నన్నయ భారతాన్ని అరణ్యపర్వం నడుమ వదిలిపెట్టాడు. తిక్కన వచ్చి ఆ తెగిన చోటును ముట్టుకోకుండా విరాటపర్వం నుంచి అందుకున్నాడు. మధ్యలో ఖాళీ అలాగే వుండిపోయింది. ఆ ఖాళీని ఎర్రన పూడ్చాడు. తిండి పెట్టే ప్రభువు ఎదురుగా కూర్చుని వుండగా, ఆ భాగాన్ని ఏనాడో కాలం చేసిన రాజరాజనరేంద్రుడి పేరనే వుంచాడు. నన్నయ మొదలుపెట్టింది నన్నయ పద్ధతిలోనే ముగియాలని ఆయన పట్టుదల కాబోలు. వేమారెడ్డికి హరివంశం అంకితమిచ్చాడు, అది వేరు సంగతి. ఈనాడు కవిత్రయం అనగానే ఎర్రన పేరు నన్నయ పేరుతో కలిసి వస్తున్నదంటే, అది ఎర్రన ఎవరినో పరిచయం చేయమని వేడుకున్నందువల్ల వచ్చింది కాదు. పెద్దవాడి పనిలో తెగిన చోటు చూచి, అక్కడ కూర్చుని పని చేశాడు.

అచ్చుపత్రికలు వచ్చాక తగువులాడుకుంటూ కూడా ఒకరి పేరు ఒకరు నిలబెట్టారు. కొక్కొండ వెంకటరత్నం పంతులుగారు 1871లో ‘ఆంధ్రభాషా సంజీవని’ పెట్టారు. వీరేశలింగం పంతులుగారు 1874లో ‘వివేకవర్ధని’ పెట్టారు. ఇద్దరికీ పడదు. కొక్కొండవారు ‘హాస్యవర్ధని’ అంటే, వీరేశలింగంగారు 1876లో ‘హాస్యసంజీవని’ అన్నారు. పేర్లు చూశారా? ఎదుటివారి పత్రిక పేరులో సగం తన పత్రిక నుదుట వ్రాసుకున్నట్టే. ఒకరినొకరు అక్షరం అక్షరం చదువుకుంటే గాని అంత చక్కగా పోట్లాడుకోలేరు.

శ్రీశ్రీగారి సంగతి మరొకటి. కొంపెల్ల జనార్దనరావుగారని ‘ఉదయిని’ అనే పత్రిక నడిపిన ఆయన ఒకరుండేవారు. అది కొద్దికాలమే నడిచింది. ఆయన 1937లో, ముప్ఫయ్యేళ్ళ వయసులో పోయారు. ‘మహాప్రస్థానం’ పుస్తకంగా వచ్చింది 1950లో. దాన్ని శ్రీశ్రీగారు అంకితమిచ్చింది ఆ పోయిన స్నేహితుడికి. తిరిగి చదివించడానికి ఆ మనిషే లేడు. ఆ పుస్తకానికే చలంగారు ‘యోగ్యతాపత్రం’ వ్రాశారు. 1940లో వ్రాసిన ఆ పీఠిక, పుస్తకం కోసం పదేళ్ళు కాచుకుని వుంది. ఇవాళ ఆ కవితలు చదివేవాళ్ళలో చాలామంది ఆ పీఠిక గుమ్మం దాటుకునే లోపలికి పోతారు. చలం పేరు విని శ్రీశ్రీ దగ్గరకు వచ్చినవాళ్ళున్నారు, శ్రీశ్రీ కోసం వచ్చి చలాన్ని పట్టుకున్నవాళ్ళూ వున్నారు. ఎవరి బాకీ ఎవరు తీర్చారో ఏ పద్దు పుస్తకం చెబుతుంది?

ఇవన్నీ ఆ పిల్లకు చెప్పి, సెలవు రోజున వేటపాలెం వెళ్ళి రమ్మన్నాను. అక్కడి సారస్వత నికేతనం 1918లో పుట్టిన గ్రంథాలయం. దాని భవనానికి 1929లో గాంధీగారు శంకుస్థాపన చేశారు. పాత పత్రికలను దాచిన ఇల్లు అది. చీరాల మీదుగా బస్సులో వెళ్ళి, పొద్దుగూకే వేళకు తిరిగి వచ్చింది. “బాబాయ్, మెచ్చుకున్న సమీక్షలు నాకు ఒక్కటీ గుర్తు లేవు. ఫలానా పుటలో ఫలానా తప్పు అని వ్రాసినవి చదివితే మాత్రం ఆ పుస్తకాలు వెతకాలనిపించింది,” అంది. తెలివైన పిల్ల.

తరువాత తన జాబితాలోని ముప్ఫయింటిలో ఆరు పత్రికలు మాత్రం ఎంచుకుని, పాత సంచికలు తెప్పించుకుని చదవడం మొదలుపెట్టింది. గోదావరి పక్క నుంచి వచ్చే ఒక పత్రికలో గుంటూరు మిరపయార్డు మీద కథ ఒకటి పడింది. కల్లంలో ఆరబోసిన కాయ మీద వాన కురిసి, రైతు తెచ్చిన టిక్కీలన్నీ తాలు కింద కట్టబడతాయి. అదీ కథ. సంపాదకుడు పాపం మంచి మనసుతో కింద అర్థం వేశాడు: ‘తాలు అంటే గింజ లేనిది’ అని. వరి పండే చోట అది నిజమే. ధాన్యంలో తాలు అంటే పొల్లే. మిరపలో తాలు అంటే రంగు పోయి తెల్లబారిన కాయ. ఆ కాయలో గింజ వుంటుంది, ధరే వుండదు. ఆ రైతు ఏడుపంతా ఆ రంగు దగ్గరనే వుంది. గింజ లేని కాయ అనుకుని చదివితే కథ పేలవమైపోతుంది.

అమ్మాయి వుత్తరం వ్రాసింది. కథ తనకు ఎందుకు నచ్చిందో రెండు వాక్యాలు, తాలు సంగతి నాలుగు వాక్యాలు. తన పత్రిక మాట ఎత్తలేదు. కనీసం ఒక ప్రతి అయినా జతచేయవలసిందని నాకే అనిపించింది గాని, వద్దంది. ఎక్కడో నా మాటలు గట్టిగా తగిలినట్టున్నాయి.

మూడు వారాలకు జవాబు వచ్చింది. ‘మా తప్పు దిద్దినందుకు కృతజ్ఞులం. ఇంత వివరంగా మీకెలా తెలుసు?’ అని. అప్పుడు పంపింది పత్రికను. మరుసటి సంచికలో సవరణ పడింది. దాని కింద మూడు వరుసల్లో ఈ ఎనిమిది పుటల పత్రిక సంగతి. ఆ మూడు వరుసలకు పదకొండు వుత్తరాలు వచ్చాయి. ఒక పెద్దాయన పత్తి తీతలో ఈ పిల్ల వ్రాసిన మాట ఒకటి తప్పని రెండు పుటలు వ్రాశాడు. అది పెద్ద అక్షరాలతో వచ్చే సంచికలో వేస్తుందట. మరొక వుత్తరం ఎవరో కొత్త పత్రికాధిపతిది: ‘మీరు మమ్మల్ని పరిచయం చేసినచో మేమూ తప్పక పరిచయం చేయగలము.’ అది పట్టుకుని నవ్వుతూ వచ్చింది. “బాబాయ్, నా వుత్తరం నాకే తిరిగి వచ్చింది.” పత్రిక పంపమనీ, చదివాక చెబుతాననీ ఆయనకు జవాబు వ్రాసింది. వాళ్ళ నాన్న ఇప్పుడు సాయంత్రాలు కల్లంలో కూర్చుని, “ఆ మాట కూడా వ్రాయవే” అంటున్నాడట. జెరాక్సు డబ్బు మాత్రం ఇంకా ఇవ్వడం లేదు.

ఇక్కడితో ఆపేస్తే నాకు బాగుండేది.

చీరాలలో నాకొక మిత్రుడుండేవాడు. మగ్గాల మీద, అద్దకాల మీద చిన్న చిన్న పుస్తకాలు సొంత డబ్బుతో వేసుకునేవాడు. ప్రతి పుస్తకం నాకు పంపేవాడు. నేను ‘అందింది, సంతోషం’ అని కార్డు వ్రాసేవాణ్ణి. ఎప్పుడైనా చదువుదామని బీరువాలో పెట్టేవాణ్ణి. ఆయన ఎన్నడూ ‘నీ పేజీలో నా గురించి ఒక ముక్క వ్రాయి’ అని అడగలేదు. అడిగి వుంటే వ్రాసేవాణ్ణేమో. లేక విసుక్కునేవాణ్ణేమో. ఆయన పోయి ఆరేళ్ళయింది.

నిన్న ఆ పిల్ల అరువుకు పుస్తకాల కోసం బీరువా తెరిచి, ఆయన పుస్తకం ఒకటి తీసి అక్కడే నిలబడి చదవసాగింది. పుటలు ఒకదానికొకటి అంటుకుని వున్నాయి. వేలితో విడదీసుకుంటూ చదివి, “బాబాయ్, ఇందులో మీ పేరుంది. మీ వ్యాసం చదివాకే నేత మాటలు పోగుచేయాలని తోచిందట ఈయనకు,” అంది. ఇంకొకటి తీసింది. అందులోనూ వుంది. మూడోది తీయబోతూ నా వంక తిరిగి, “మరి మీరు ఈయన గురించి ఎక్కడ వ్రాశారు బాబాయ్?” అని అడిగింది.

మొత్తం ఏడు పుస్తకాలు. బల్ల మీద పెట్టుకున్నాను. రెండు పూర్తయ్యాయి. ఆయన పేరు ఈ వారం చెప్పను. ఏడూ చదివాక ఈ పేజీలోనే చెబుతాను.