తోటకు కావలసిన సామాను వేరు

ఏప్రిల్ వచ్చిందంటే నా ఫోన్‌కు తీరిక ఉండదు. "అన్నా, గుంతల మిషన్ ఉందా? గుంతకు ఎంత తీసుకుంటావు?" ఇదే మొదటి మాట. నేల ఎట్లాంటిదో చెప్పేవాళ్ళు తక్కువ. గుంత ఎంత వెడల్పు, ఎంత లోతు అని అడిగేవాళ్ళు మరీ తక్కువ. అనంతపురం జిల్లాలో బాడుగ ట్రాక్టర్ తోలుకుంటూ, నాకున్న కొద్దిపాటి నేలలో చీనీ (బత్తాయి) చెట్లు సాకుతున్నవాణ్ణి. నార్పల, గార్లదిన్నె, పుట్లూరు వైపు ఏటా కొత్త తోటలు పడుతుంటే చూస్తున్నాను. ఇరవై ఏళ్ళకు పైగా నిలబడాల్సిన తోటను ఒక్క పంటకాలం వేరుశనగ చేను కోసం కొన్న సామానుతో పెట్టేస్తున్నారు. తోటలు ఈడు తీరకముందే ఎండిపోవడంలో కరువుకూ తెగుళ్ళకూ వాటా ఉంది. ట్రాక్టర్ వెనక మనం తగిలించే ఇనుముకూ ఉంది. దాని గురించి మాట్లాడేవాళ్ళే కనిపించరు.

గుంత దగ్గరే మొదలుపెడతాను. చీనీకి మూడడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, మూడడుగుల లోతు గుంత తీయమని ఉద్యాన అధికారులు ఎప్పటినుంచో చెప్తున్నారు. అంటే 27 ఘనపుటడుగుల మట్టి కదలాలి. గుంతల మిషన్‌కు, అంటే ఆగర్‌కు, రెండడుగుల వెడల్పు బిట్టు వేసి మూడడుగులు దింపితే కదిలేది తొమ్మిదిన్నర ఘనపుటడుగులు కూడా లేదు, మూడో వంతు చిల్లర. అడుగు బిట్టు వేస్తే రెండున్నర లోపే, పదో వంతుకు కూడా రాదు. మూడింటినీ "గుంత" అనే అంటాం, గుంతకింత అని లెక్కగడతాం. ఇరవై అడుగులకొక మొక్క చొప్పున ఎకరాకు సుమారు 109 గుంతలు పడతాయి. పెద్ద గుంతలైతే 2,900 ఘనపుటడుగులకు పైగా మట్టి లేస్తుంది, అడుగు బిట్టుతో అయితే 260 కూడా దాటదు. బేరమాడేటప్పుడు రేటు ఒక్కటే చూస్తే అడుగు బిట్టువాడే చవగ్గా కనిపిస్తాడు. లేచిన మట్టిని బట్టి చూస్తే అతనిదే అందరికంటే ఖరీదైన పని.

అలాగని ఆగర్ పనికిరాదని నేననను. లోతైన, మెత్తని ఎర్రనేలలో రెండడుగుల బిట్టు చక్కగా దిగుతుంది. అక్కడ చుట్టూ ఉన్న మట్టి గుల్లగానే ఉంటుంది కాబట్టి వేరు తన దారి తాను చూసుకుంటుంది. చిక్కు రేగడితో. పదునెక్కువున్నప్పుడు రేగడిలో ఆగర్ దింపితే బిట్టు అంచు గోడలను పులిమేస్తుంది. గుంత లోపల కుమ్మరి కుండలా నున్నగా తేలుతుంది. ఆ గోడ ఆరి గట్టిపడితే వేరు దాన్ని తోసుకుని పోలేక లోపలే చుట్టుకుంటుంది. వానకు గుంతలో నీళ్ళు నిలుస్తాయి. చీనీ వేరు నీటి నిలవను ఓర్చుకోదు. కనుక రేగడిలో ఆగర్ పెట్టించినవాళ్ళు మొక్క నాటేముందు గడ్డపారతో ఆ గోడలను నాలుగు వైపులా గీకించాలి. అరగంట కూలి మిగుల్చుకుందామని ఈ పని వదిలేస్తే చెట్టు బతికినన్నాళ్ళూ ఆ నష్టం మోయాల్సిందే. గరపనేల, రాళ్ళనేల అయితే ఆగర్‌ను అసలు పిలవద్దు. బిట్టు పక్కకు జారుతుంది, షియర్ బోల్టులు తెగుతూనే ఉంటాయి. విసుగొచ్చి ఆ బోల్టు స్థానంలో గట్టి బోల్టు బిగించేవాళ్ళున్నారు. ఆ బోల్టును పెట్టిందే తెగడానికి. అది తెగకపోతే గేర్‌బాక్సు పగులుతుంది.

అట్లాంటి నేలకు జేసీబీయే దిక్కు. బక్కెట్‌తో మూడడుగుల గుంత నిజంగా వస్తుంది, అడుగున సుద్ద పొర ఉంటే పగులుతుంది. అయితే డ్రైవర్‌కు ముందే చెప్పాలి: పై అడుగు మట్టి ఒక పక్క, కింది మట్టి ఇంకో పక్క. చెప్పకపోతే రెండూ కలిపి కుప్ప పోస్తాడు. సారమంతా పై మట్టిలోనే ఉంది, ఎరువు కలిపి గుంతలోకి తిరిగి పోయాల్సింది దాన్నే. ఆ బండి ఏడెనిమిది టన్నుల బరువుంటుంది కాబట్టి నేల తడిగా ఉన్న రోజున చేలోకి దిగనివ్వకూడదు.

అసలు గుంతలకంటే ముందు చేయాల్సిన పని వేరే ఉంది, దాన్ని దాదాపు అందరూ ఎగరగొడుతున్నారు. పొలంలో రెండు మూడు చోట్ల ఆరడుగుల లోతు తవ్వి నేల పొరలు కళ్ళారా చూడాలి. అడుగడుగుకూ మట్టి తీసి పరీక్షకు పంపాలి. సుద్ద పొర పైపైనే తగిలితే అక్కడ చీనీ పెట్టకపోవడమే మేలు. సున్నం ఎక్కువైన నేలలో ఇనుము, జింకు చెట్టుకు అందవు, ఆకు పచ్చదనం పోయి ఈనెలు మాత్రమే పచ్చగా మిగులుతాయి. ఏ యంత్రమూ దాన్ని బాగుచేయలేదు. సుద్ద లేకుండా, ఏళ్ళ తరబడి ఒకే లోతులో సేద్యం చేయడంవల్ల కింద గట్టి పొర కట్టిన నేల అయితే సబ్‌సాయిలర్ కావాలి. ఒకే ఒక్క కొక్కెంలాంటి నాగలి, అడుగున్నర లోతు దిగి ఆ పొరను చీలుస్తుంది. దీన్ని నేల బాగా ఎండిన వేసవిలోనే వేయించాలి. ఎండిన నేల పెళ్ళలు పెళ్ళలుగా పగులుతుంది. తడినేలలో వేస్తే సన్నని గీత ఒకటి పడుతుంది, డీజిల్ దండగ. ఆగర్ మాత్రం తొలివాన పడి నేల కాస్త పదునెక్కాక బాగా దిగుతుంది. ఈ వరస తెలియక రెండింటినీ ఒకే వారంలో పెట్టుకుని రెండింటికీ బాడుగ కట్టి ఏ ఒక్కటీ సరిగ్గా జరగని తోటలు మా మండలంలోనే కనిపిస్తాయి.

లోతు దుక్కికి ఏ నాగలి అన్నదీ నేలే చెప్తుంది. రాళ్ళు, మొదళ్ళు ఉన్నచోట డిస్కు నాగలి వాటిమీదుగా దొర్లిపోతుంది. రెక్క నాగలి ముక్కు అక్కడ విరుగుతుంది. రాళ్ళు లేని నేలలో రెక్క నాగలే మేలు, మట్టిని తిరగేసి గరిక వేళ్ళను ఎండకు పెడుతుంది.

ఇక రోటవేటర్. ఊళ్ళో ఎవరు ట్రాక్టర్ కొన్నా దాని వెనకే ఇది వస్తోంది. చేనుకు దీని మేలు నేను కాదనను. మొక్క నాటకముందు జనుమో జీలుగో పెంచి నేలలో కలపాలంటే ఇంతకంటే మంచి సాధనం లేదు. మొదటి మూడేళ్ళు సాళ్ళ మధ్య వేరుశనగో కళింగరో వేసుకునేవాళ్ళకూ చెట్టుకు దూరంగా వాడితే పర్వాలేదు. చెట్టు ఎదిగాక మాత్రం అది తోటలో అడుగుపెట్టకూడదన్నది నా గట్టి అభిప్రాయం. నీరు, ఎరువు పీల్చే చీనీ పీచువేళ్ళలో ఎక్కువ భాగం పై అడుగున్నర మట్టిలోనే ఉంటాయి. రోటవేటర్ కత్తులు తిరిగేదీ ఆ పై మట్టిలోనే. తెగిన ప్రతి వేరూ వేరుకుళ్ళు శిలీంధ్రానికి తలుపు తీసినట్టే. తెగులొచ్చాక మందు పోయడానికి పెట్టే ఖర్చులో కొంతైనా ముందు కత్తి పెట్టకుండా ఉండటానికి పెట్టి ఉంటే చెట్టు దక్కేది. పైగా దానితో కలుపు పోతుందన్నది పైకి కనిపించే మాటే. గరిక కణుపు కణుపుకూ మొలుస్తుంది. రోటవేటర్ దాన్ని ముక్కలు చేసి తోటంతా వెదజల్లుతుంది. తుంగ గడ్డల కథా అంతే. వాన పడిన రెండు వారాలకు ముందుకంటే దట్టంగా లేస్తుంది. అప్పుడు మళ్ళీ నాకే ఫోన్ చేస్తారు. నాకు బాడుగ వస్తుంది. అయినా ఈ మాట చెప్తున్నాను.

డ్రిప్ సంగతి సరేసరి. 2003లో సూక్ష్మసేద్యం పథకం మొదలైన దగ్గర్నుంచి మా జిల్లాలో డ్రిప్ లేని చీనీ తోట అరుదు. చుట్టి పక్కన పెట్టని పైపు ఒక్కటున్నా రోటవేటర్ కత్తులకు చుట్టుకుంటుంది.

మరి తోటలో కలుపుకు ఏం చేయాలి? సాళ్ళ మధ్య గడ్డిని కోసి అక్కడే పరిచే గడ్డికోత యంత్రం, స్లాషర్ అంటారు, పెట్టుకోవాలి. నేలను తాకకుండా పైన మాత్రమే కోస్తుంది. కోసిన గడ్డి నేలమీద పరుచుకుని తేమను కాపాడుతుంది. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కురిసే జిల్లాలో ఆ తేమకు విలువ కట్టలేం. గట్టిగా ఎదిగిన గడ్డిని పైపైన చెక్కాలనుకుంటే గుంటక ఉంది. వేరుశనగకు మన తాతలు ఎద్దులతో తోలిన గుంటకనే ట్రాక్టర్‌కు తగిలించి రెండు మూడు అంగుళాల లోతు దాటకుండా తోలవచ్చు. పాదుల్లో మాత్రం మనిషి చేతి పనే, అక్కడికి ఏ యంత్రాన్నీ రానివ్వద్దు.

ట్రాక్టర్ కొనేవాళ్ళకు ఒక మాట. మొక్క నాటిన ఏడు చూసి బండి సైజు నిర్ణయించుకోకండి. ఇరవై అడుగుల ఎడం ఉన్న తోటలో చెట్టు పద్నాలుగు, పదిహేను అడుగులు విస్తరించాక మధ్యలో మిగిలేది ఐదారు అడుగులే. నలభై అయిదు హార్స్‌పవర్ ట్రాక్టర్ దాదాపు ఆరడుగుల వెడల్పు. అది కొమ్మలు విరుచుకుంటూ, కాయలు రాలగొట్టుకుంటూ పోతుంది. నాలుగడుగుల లోపు వెడల్పున్న చిన్న ట్రాక్టర్ అయితే సులువుగా దూరుతుంది, బరువు కూడా తక్కువ. తోట చుట్టూ బండి తిరగడానికి పదిహేను ఇరవై అడుగులు వదలండి. అక్కడ ఒక సాలు పోయిందే అని బాధపడి చెట్లు పెట్టినవాళ్ళ తోటల్లో చివరి సాలు చెట్లకు ఒక పక్క కొమ్మలే ఉండవు.

దీన్నిబట్టి కొనాల్సింది, బాడుగకు తెచ్చుకోవాల్సింది తేలికగానే విడిపోతాయి. సబ్‌సాయిలర్, ఆగర్, పెద్ద నాగళ్ళు తోట మొత్తం జీవితంలో ఒక్కసారి కావాలి. వాటిని సొంతానికి కొనడం డబ్బును షెడ్డులో తుప్పు పట్టించడమే. స్లాషర్, గుంటక, మందు కొట్టే స్ప్రేయర్ ఏటా కావాలి, అవి సొంతానికి ఉండాలి. మన రాయితీలు మాత్రం తలకిందులుగా నడుస్తున్నాయి. 2014-15లో కేంద్రం వ్యవసాయ యాంత్రీకరణ ఉపమిషన్ మొదలుపెట్టాక రాయితీ మీద పల్లెల్లోకి వచ్చిన సామానులో నా కళ్ళముందు ఎక్కువగా తిరుగుతున్నవి రోటవేటర్లే. 2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టర్ల మీద, సేద్యపు యంత్రాల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి దిగింది. ఇది మంచి నిర్ణయం, రైతుకు నిజంగా ఊరట. అయితే ధర తగ్గినప్పుడు అవసరం లేనిది కూడా ఇంటికొస్తుంది. చీనీ, మామిడి, దానిమ్మ మండలాల్లోని అద్దె యంత్ర కేంద్రాల్లో రెండడుగుల బిట్టుతో ఆగర్, ఒక సబ్‌సాయిలర్, ఒక డిస్కు నాగలి తప్పనిసరిగా ఉండాలని ప్రభుత్వం ఒక్క నిబంధన పెడితే చాలు. గుంతల బాడుగ ఘనపుటడుగుల లెక్కన రాసి రైతు సేవా కేంద్రం గోడకు అంటించాలి. సేద్యపు యంత్రాలను పరీక్షించి, రైతులకు శిక్షణ ఇచ్చే దక్షిణ భారత సంస్థ మా గార్లదిన్నెలోనే ఉంది. దాని నిపుణులు ప్రతి వేసవిలో ఒక తోట మండలానికి వచ్చి, ఎర్రనేలలో ఒకటి, రేగడిలో ఒకటి, గుంతలు తీయించి చూపిస్తే, బేరం ఎలా ఆడాలో రైతుకు తనంతట తానే తెలుస్తుంది.

ఇంకొకటి కూడా చట్టంలా అమలు కావాలి. ట్రాక్టర్ నుంచి వెనక యంత్రాన్ని తిప్పే పీటీవో షాఫ్ట్ నిమిషానికి 540 సార్లు తిరుగుతుంది, అంటే సెకనుకు తొమ్మిది చుట్లు. పంచె అంచో, చీర కొంగో, మెడలో తువ్వాలో తగిలితే మనిషి చెయ్యి వెనక్కి తీసుకునేంత వ్యవధి ఉండదు. దాని చుట్టూ ఉండాల్సిన ప్లాస్టిక్ తొడుగు కొత్తలోనే పగిలిపోతుంది, మళ్ళీ వేయించేవాళ్ళు లేరు. గట్టినేలలో ఆగర్ దిగకపోతే బరువు కోసం కుర్రవాణ్ణి దాని చట్రం మీద నిలబెట్టేవాళ్ళను నేను చూశాను, చూసిన ప్రతిచోటా ఇంజన్ ఆపించాను. తొడుగు లేని షాఫ్ట్‌తో వచ్చే ఏ యంత్రానికీ రాయితీ విడుదల చేయకూడదు, అద్దె కేంద్రం నుంచి బయటికి పంపకూడదు. బాడుగ బండ్లవాళ్ళం మేమూ ఆ తొడుగు లేకుండా చేలోకి దిగబోమని చెప్పగలగాలి. నేను చెప్తున్నాను. నా బండిని పిలిచే రైతు కూడా ముందు ఆ తొడుగును చూసి, ఆ తర్వాతే గుంతలు తీయించమని అడుగుతున్నాను.