ఆ వీడియో చూసి నవ్వినోళ్ళకు



పోస్టు పొడుగైంది. ఓపిక ఉన్నోళ్ళు చదవండి, లేనోళ్ళు రాత్రికి చదవండి, కానీ చదవండి.

మొన్న ఆదివారం మన గ్రూపులో ఒక వీడియో వచ్చింది. దవాఖాన మంచం మీద ఒక పెద్దమనిషి. రెండు చేతులు మంచం కడ్డీలకు గుడ్డతో కట్టేసి ఉన్నయి. దుప్పటి మీద ఏదో ఏరుతున్నట్టు వేళ్ళు ఆడిస్తున్నడు, గోండిలో ఎవరినో పిలుస్తున్నడు. కింద రాసింది: "మనోని మత్తు ఇంకా దిగలే." దానికి నలభై మందికి పైగా నవ్వే బొమ్మలు పెట్టిర్రు. పెట్టినోళ్ళల్లో నర్సింగ్ చదివేటోళ్ళున్నరు, ఫార్మసీ చదివేటోళ్ళున్నరు. జల్ జంగల్ జమీన్ అని డీపీ పెట్టుకున్నోళ్ళూ ఉన్నరు.

తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా, ఆయనకు మత్తు దిగలేదు కాదు. మత్తు దిగింది కాబట్టే అట్ల అయితున్నడు.

నాకెట్ల తెలుసంటే, మా చిన్నాయనకు ఇదే అయింది. ఎడ్లబండి మీంచి పడి తొడ ఎముక విరిగితే పెద్ద దవాఖానలో చేర్పించినం. పేరు రాయను, ఒక్క దవాఖాన సంగతి కాదిది. చేర్పించినప్పుడు డ్యూటీ డాక్టర్ తలెత్తకుండనే అడిగిండు: "తాగుతాడా?" పక్క మంచం ఆయన అరగంట ముందే "అవును సారూ" అన్నందుకు వార్డంత వినేటట్టు తిట్లు తిన్నడు. "మీ వాళ్ళంతా ఇంతే, తాగి పడుడు, మా మీద పడుడు" అని. అది విన్న నేను "లేదు సార్, అలవాటు లేదు" అన్న. డిగ్రీ చదివిన నేనే. చిన్నాయన ఇరవై ఏండ్ల నుంచి రోజూ తాగుతడు. పండుగకు ఇప్పసారా వేరే సంగతి, ఈ పదేండ్లల్ల బెల్టు షాపు చీప్ లిక్కరే ఎక్కువ.

మొదటి రోజు చేతులు వణికినయి. నొప్పి అనుకున్నం. రెండో రోజు ఒళ్ళంత చెమట, నిద్ర లేదు. మూడో రాత్రి దుప్పటి మీద చీమలు పాకుతున్నయని దులుపుడు మొదలుపెట్టిండు. చనిపోయిన ఎద్దును పేరు పెట్టి పిలిచిండు. విరిగిన కాలుతో మంచం దిగబోయిండు. సిస్టర్ వచ్చి మమ్మల్నే గద్దించింది: "మందు ఎవరు తెచ్చిచ్చిర్రు లోపలికి?" మా పిన్ని సంచి మొత్తం కింద గుమ్మరించి వెతికిర్రు. జొన్న రొట్టెలు, ఒక చీర దొరికినయి. కేస్ షీటులో తాగుబోతు అని ఇంగ్లీషులో రాసిర్రు. చేతులు కట్టేసిర్రు. తెల్లారి ఆపరేషన్ రద్దు, వేరే దగ్గరికి తీస్కపోండి అన్నరు.

ఏండ్ల తరబడి రోజూ ఎక్కువ తాగే మనిషి ఒక్కసారి ఆపేస్తే, మత్తుకు అలవాటు పడిన మెదడు అదుపు తప్పుతది. కొన్ని గంటలకే వణుకు మొదలైతది. రెండు రోజుల్లోపు ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజులకు కొందరికి మతి చెదిరి, లేనివి కనబడి, జ్వరం, గుండె దడ వస్తయి. దీన్ని డెలీరియం ట్రెమెన్స్ అంటరు. వైద్యం అందకపోతే ప్రాణం పోవచ్చు. వైద్యం ఏమన్న కొత్తదా? డయాజెపామ్, లోరాజెపామ్ లాంటి పాత మందులు, బి1 విటమిన్ అంటే థయమిన్, సెలైన్, దగ్గరుండి చూసుకునుడు. ఖరీదైనవి కావు. రోగి మొదటి రోజే నిజం చెప్పగలిగితే మూడో రాత్రి దాకా పోకుండనే ఆపొచ్చు.

ఆ నిజం చెప్పనియ్యనిది ఏందో అడగండి. సారా కాదు. "తాగుతాడా?" అని అడిగిన గొంతు. పక్క మంచం తిట్లు. అడిగింది వైద్యం కోసమని మాకు అనిపించలే, తీర్పు చెప్పుడానికని అనిపించింది. అందుకే అబద్ధమాడిన. నా తప్పు నేను ఒప్పుకుంటున్న. కానీ ఆ వార్డులో నిజం చెప్పినోడికి దొరికిందేంది?

మతి సంగతీ ఇంతే. పురుగుల మందు తాగిన పిల్లను 108లో తెస్తే, కడుపు కడుగుతూనే "చావాలనుకుంటే ఇక్కడికెందుకొచ్చినవ్?" అనే మాట మనలో ఎంతమంది వినలేదు? హాస్టల్‌లో పిల్ల రోజుల తరబడి తినకుండ, మాట్లాడకుండ ఉంటే వార్డెన్‌కు నటన, మన ఊర్లె దయ్యం. రెండిట్లోనూ ఆ పిల్లను ఏమైందమ్మా అని అడిగినోళ్ళు లేరు. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో నిమ్హాన్స్ వాళ్ళు తేల్చింది ఏందంటే, మద్యం వల్ల జబ్బుపడ్డోళ్ళల్ల నూటికి 86 మందికి అసలు వైద్యమే అందుతలేదు. అది దేశం మొత్తం లెక్క. రోడ్డు లేని గూడేల సంగతి మీకు నేను చెప్పాల్నా?

చట్టం లేదా అంటే ఉంది. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017. దాంట్లో మానసిక అనారోగ్యం అనే మాటకు ఇచ్చిన అర్థంలోనే మద్యం, మత్తుమందుల వల్ల వచ్చే మానసిక స్థితులను కూడా కలిపిర్రు. 21వ సెక్షన్ ప్రకారం మానసిక అనారోగ్యం ఉన్నోళ్ళను శరీర జబ్బు ఉన్నోళ్ళతో సమానంగా చూడాలె, ఎమర్జెన్సీలో కూడా. 115వ సెక్షన్ ప్రకారం ఆత్మహత్యాయత్నం చేసిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలె, శిక్షించకూడదు, ప్రభుత్వం వైద్యం అందించాలె. జబ్బు గురించి, వైద్యం గురించి రోగికి అర్థమయ్యే భాషలో చెప్పాలని కూడా ఉంది. మా చిన్నాయనకు గోండిలో ఒక్క ముక్క చెప్పినోళ్ళు లేరు. సర్కారు దవాఖానల డాక్టర్లకు ఈ విషయాల్లో శిక్షణ ఇవ్వాల్సిన బాధ్యత ప్రభుత్వం మీదనే పెట్టింది ఆ చట్టం. మనం పోస్టుల కోసం, స్కాలర్‌షిప్‌ల కోసం ఐటీడీఏ ముందు కూర్చున్నం. ఈ శిక్షణ గురించి ఒక్క వినతిపత్రం ఇచ్చినమా?

ఇప్పుడు కొందరు అంటరు, "అన్నా, తాగుడే మన జాతిని ముంచుతున్నది, నువ్వు తాగేటోళ్ళను వెనకేసుకొస్తవా?" ముంచుతున్నది నిజమే, కాదనను. మరి కొట్లాడండి. పెసా చట్టం 1996 నుంచి ఉంది, మద్యం అమ్మకాన్ని నియంత్రించే, నిషేధించే అధికారం గ్రామసభలకు ఉండాలని అందులోనే ఉంది. దూబగుంటలో ఆడోళ్ళు 1992లో సారా మీద లేచినప్పుడు సారా కాంట్రాక్టు మీద లేచిర్రు, దవాఖానలో పడుకున్నోని మీద కాదు. బెల్టు షాపు ఓనర్ వీడియో ఒక్కటైనా మన గ్రూపులో పెట్టినమా? పెట్టం, వాడు ఎదురు తిరుగుతడు. మంచానికి కట్టేసినోడు తిరగడు కదా.

"ఆదివాసులు అంటే తాగుబోతులు" అని బయటోళ్ళు అంటే మనకు మండుతది. అదే మాట మనోళ్ళు తెల్లకోటు వేసుకొని అంటే? నాకు అన్నిటికన్నా నొప్పి కలిగించింది అదే. ఆ రాత్రి పిన్ని సంచి గుమ్మరించిన సిస్టర్ మన బిడ్డే, ఆశ్రమ పాఠశాలలో చదివిందే. చెడ్డది కాదు. తాను ఆ మనుషుల్లో ఒకదాన్ని కాదని వార్డులో నిరూపించుకోవాల్సి వచ్చింది పాపం. ఆ వార్డు అట్ల నేర్పింది. నర్సింగ్, మెడిసిన్ చదివే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు దీన్ని నేర్చుకోకండి అనే నా గొడవ.

మీరు డ్యూటీలో ఉన్నప్పుడు అడిగే తీరు మార్చండి. "తాగుతాడా?" అని కాదు. మెల్లగ, పక్కోళ్ళు వినకుండ, "చివరిసారి ఎప్పుడు తీసుకున్నరు? రోజూ ఎంత? ఆపినప్పుడు వణుకు, ఫిట్స్ ఎప్పుడన్న వచ్చినయా? ఇది మందు డోసు కోసం అడుగుతున్న" అనండి. కేస్ షీటులో తాగుబోతు అని కాదు, ఎన్ని ఏండ్లు, ఎంత, ఎప్పుడు ఆపిండు అనేది రాయండి. ఆ మూడు ముక్కలు వచ్చే డాక్టర్‌కు పనికొస్తయి, తిట్టు పనికిరాదు.

పేషెంటును తీస్కపోయేటోళ్ళు నా లెక్క అబద్ధం ఆడకండి. తిడితే తిట్టనీయండి, చెప్పండి. రోజూ తాగేటోళ్ళను "రేపటి నుంచి బంద్" అని ఇంట్లో పెట్టి తాళం వేసుడు కూడా చేయకండి, ముందు డాక్టర్‌కు చూపించండి. ఎవరికైనా మనసు బాగలేకపోతే టెలీ మానస్ 14416, ఇరవై నాలుగు గంటలు, పైసలు ఉండవు. ఫోన్ సిగ్నల్ దొరికే గుట్ట ఎక్కాలె, అది వేరే కథ.

మా చిన్నాయన బతికిండు. రెండో దవాఖానలో ఒక చిన్న వయసు డాక్టర్ పిన్నిని పక్కకు పిలిచి అడిగిండు, ఆమె అంతా చెప్పింది. నాలుగు రోజులకు మనిషి మనిషయిండు. ఆపరేషన్ మాత్రం ఆలస్యమైంది, ఇప్పుడు కర్ర పట్టుకొని నడుస్తడు. ఆ రాత్రి సంగతి ఆయనకు గుర్తులేదు. చేతుల మీద గుడ్డ ఒరుసుకున్న మచ్చలు చూసి ఇవేందని అడిగితే, బండి మీంచి పడ్డప్పటివి అని చెప్పినం.

ఆ వీడియో పెట్టిన తమ్మునికి: నీ పేరు ఇక్కడ రాస్తలేను. ఆయనది ఏ ఊరో కనుక్కొని, ఇంటోళ్ళకు ఈ సంగతి చెప్పి, డాక్టర్‌ను అడగమను. తర్వాత వీడియో తీసేయ్. అడ్మిన్‌లు, రేపు పొద్దున వరకు అది ఉంటే మీరే తీసేయండి.