కోటి రూపాయల కారు, ఒక్కసారి పన్ను

ఆ మధ్య హైదరాబాదులో ఒక పాత మిత్రుడి వెంట ఖరీదైన కార్లు అమ్మే షోరూముకు వెళ్ళాను. అతడు చూస్తున్న కారు ధర కోటి రూపాయలకు కొంచెం అటూ ఇటూ. రంగు, చక్రాలు, సీట్ల తోలు అన్నీ తేలిన తరువాత, అమ్మకాలు చూసే కుర్రవాడు ఎంతో మర్యాదగా అడిగాడు: "రిజిస్ట్రేషన్ ఏ అడ్రస్ మీద చేయించమంటారు సార్?" మావాడు అమాయకంగా తన ఇంటి చిరునామా చెప్పాడు. కుర్రవాడు కాస్త ఆగి, "వేరే రాష్ట్రంలో బంధువులెవరైనా ఉన్నారా సార్?" అన్నాడు. అందులో నేరం చేస్తున్న వాడి గొంతేమీ లేదు. కొనుగోలుదారుకు నాలుగు డబ్బులు మిగిల్చే సేవలో అదీ ఒక భాగమన్నట్టు అడిగాడు.

తప్పు ఆ కుర్రవాడిది అనుకోను. అతడి చేత ఆ ప్రశ్న అడిగిస్తున్నది మన పన్ను విధానం. తెలంగాణలో 2022లో సవరించిన శ్లాబుల ప్రకారమే 20 లక్షలు దాటిన కారుకు జీవితకాల పన్ను 18 శాతం. 2025 ఆగస్టులో ఖరీదైన శ్రేణులకు దాన్ని మరికొంత పెంచారు. పాత లెక్క ప్రకారం చూసినా కోటి రూపాయల కారుకు 18 లక్షలు. అది రోడ్డెక్కక ముందే, ఒకే రోజున కట్టాలి. ఒక్క సంతకంతో 18 లక్షలు పోయే చోట మనిషి దారులు వెతుకుతాడు. అదే పన్నును ఏటా లక్షో లక్షన్నరో చొప్పున కారు నడిచినంత కాలం అడిగితే, దానికోసం మరో రాష్ట్రంలో అద్దె ఒప్పందం సృష్టించే శ్రమ ఎంతమంది పడతారు?

ఆ శ్రమ పడ్డవారి కథలు మనకు కొత్త కాదు. 2017లో కేరళలో బయటపడిన పుదుచ్చేరి వ్యవహారం గుర్తుండే ఉంటుంది. కేరళలో 20 లక్షలు దాటిన కారుకు 20 శాతం పన్ను ఉండగా, పుదుచ్చేరిలో అందులో చిన్న భాగం కడితే సరిపోయేది. ఎన్నడూ కాపురం ఉండని చిరునామాలు చూపి అక్కడ రిజిస్టర్ చేయించుకున్నారన్న ఆరోపణలతో సినీ నటుల మీద, అప్పటి ఒక రాజ్యసభ సభ్యుడి మీద కూడా కేసులు నమోదయ్యాయి. చట్టాలు చేసే సభలో కూర్చున్న వ్యక్తి పేరు కూడా ఆ జాబితాలో ఉండటం అప్పట్లో రెండు రోజుల వార్త అయింది. ఆ తరువాత ఎవరూ పట్టించుకోలేదు. 2025 ఫిబ్రవరిలో బెంగళూరులో రవాణా అధికారులు పొరుగు రాష్ట్రాల నంబర్లతో తిరుగుతున్న విలాసవంతమైన కార్లను పట్టుకున్నప్పుడూ అదే కథ. ఒక రాష్ట్రపు బండిని మరో రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచితే కొత్త నంబరు తీసుకోవాలని 1988 నాటి మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్ చెబుతోంది. ఆ 12 నెలలు ఎప్పుడు మొదలయ్యాయో నిరూపించేదెవరు?

అసలు ఈ పన్ను దేనికన్న ప్రశ్న దగ్గరకు వెళ్దాం. 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు విశాఖ ఉక్కు కర్మాగారానికి సంబంధించిన ఒక కేసులో తీర్పు ఇచ్చింది. కర్మాగారం ప్రాంగణం లోపలే తిరిగే గుత్తేదారు వాహనాలకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మోటారు పన్ను వసూలు చేసింది. ఈ పన్ను ప్రజల రోడ్లను వాడుకున్నందుకు ప్రతిఫలంగా తీసుకునేదనీ, ప్రజారహదారి ఎక్కని బండికి అది వర్తించదనీ కోర్టు తేల్చింది. బాగానే ఉంది. రోడ్డు వాడకానికే పన్ను అయితే, రోడ్డు ముఖం చూడని రోజునే, షోరూము ధర మీద, రాబోయే ఏళ్ళన్నిటికీ కలిపి వసూలు చేయడంలో ఉన్న న్యాయమేమిటి? మూడేళ్ళలో తుక్కయ్యే కారుకూ, పదిహేనేళ్ళు తిరిగే కారుకూ తొలిరోజు అడిగేది ఒకటే మొత్తం.

మన రోడ్లను నిజంగా అరగదీసే లారీని చూడండి. దాని యజమాని మూడు నెలలకోసారి పన్ను కడతాడు. గడువు దాటితే జరిమానా, తనిఖీలో దొరికితే బండి నిలిపివేత. బతుకుతెరువు కోసం నడిపే బండిని ఏడాదికి నాలుగుసార్లు లెక్కకు పిలవగలిగిన రాష్ట్రం, హోదా కోసం కొనే బండి విషయంలో మాత్రం ఏటా వసూలు చేయడం కష్టమంటుంది.

మహారాష్ట్ర వారిది మరో విచిత్రం. అక్కడ పెట్రోలు కారుకు ధరను బట్టి 11 నుంచి 13 శాతం వరకు ఒకేసారి పన్ను. కానీ మొత్తానికి ఒక గరిష్ఠ పరిమితి ఉంది. నిన్నటిదాకా 20 లక్షలు, 2025లో దాన్ని 30 లక్షలు చేశారు. అంటే దాదాపు రెండు కోట్ల ముప్ఫై లక్షల ధర దాటాక పన్ను పెరగడం ఆగిపోతుంది. పది కోట్ల కారు కొన్నవాడు కట్టేది 3 శాతం. ఆరు లక్షల చిన్న కారు కొన్న గుమాస్తా కట్టేది 11 శాతం. దీన్ని పైకెక్కేకొద్దీ పెరిగే పన్ను అని ఎవరైనా అంటే ముంబయి వెళ్ళి లెక్క సరిచూసుకోవాలి.

రాష్ట్రాలకు ఈ పద్ధతి ఎందుకింత ఇష్టమో ఊహించడం కష్టం కాదు. ఈ రోజు చేతికొచ్చిన 18 లక్షలు ఈ రోజే ఖర్చవుతాయి. ఆ కారు వచ్చే పదేళ్ళు రోడ్డు మీద ఉంటుంది. ఆ పదేళ్ళలో రెండు ఎన్నికలు జరుగుతాయి, రెండు కొత్త ప్రభుత్వాలు రావచ్చు. గుంతలు పూడ్చవలసిన ఆ ప్రభుత్వాలకు ఆ కారు నుంచి రావలసినదాన్ని ఇప్పుడున్నవారే తినేశారు. అప్పు చేసి పథకాలు నడపడాన్ని విమర్శించే ఆర్థిక నిపుణులు, రేపటి ఆదాయాన్ని ఇవాళే వాడేసే ఈ అలవాటును మాత్రం అప్పు ఖాతాలో రాయరు.

ఒకప్పుడు దీనికి సమర్థన ఉండేది, ఒప్పుకుంటాను. ఏటా రవాణా కార్యాలయం ముందు వరుసలు, బ్రోకర్లు, చేతి తడుపులు. ఒక్కసారి కట్టి ఆ బాధ వదిలించుకోవడం సామాన్యుడికి ఊరటే. ఆ రోజులు పోయాయి. కోటి రూపాయల కారు యజమాని ఏటా బీమా ఎలాగూ కడతాడు. ఆ ఏడు కారు విలువ ఎంతో బీమా కంపెనీ లెక్కగట్టి కాగితం మీద రాస్తుంది. ఆ విలువ మీదే, ఆ ప్రీమియంతో పాటే, బండి తిరిగే రాష్ట్రానికి పన్ను వసూలు చేయడానికి ఇవాళ అడ్డమేమిటి? కారు పాతబడేకొద్దీ పన్ను తగ్గుతుంది. అమ్మేస్తే కొత్త యజమాని కడతాడు. వ్యక్తి పేరిట రెండో వాహనమైతే 2 శాతం అదనమని తెలంగాణ పెట్టగానే రెండో కారు ఇల్లాలి పేరిట కొనే సంప్రదాయం బలపడింది. ప్రతి బండీ ఏటా తన పన్ను తానే మోస్తే ఆ నాటకం అవసరముండదు.

కేంద్రం ఏం చేస్తోందని అడుగుతారు. రాజ్యాంగం ఏడవ షెడ్యూలులో వాహనాల మీద పన్ను రాష్ట్ర జాబితాలో 57వ అంశం. అయితే అది ఉమ్మడి జాబితాలోని 35వ అంశానికి లోబడి ఉంటుంది. అంటే ఈ పన్నులకు సూత్రాలు నిర్ణయించే అధికారం పార్లమెంటుకు ఉంది. ఆ అధికారాన్ని వాడవలసిన ఢిల్లీ, 2018లో మంత్రుల బృందం చేత దేశమంతా 8, 10, 12 శాతాల ఏకరూప రేట్లు సిఫారసు చేయించింది. రాష్ట్రాలు ఒప్పుకోలేదు. నా దృష్టిలో ఒప్పుకోకపోవడమే సబబు. జీఎస్‌టీ తరువాత రాష్ట్రాల చేతిలో మిగిలినవి పెట్రోలు, మద్యం, స్టాంపులు, వాహనాలు. వాటి రేట్లు కూడా ఢిల్లీకి అప్పగిస్తే అసెంబ్లీలో బడ్జెట్ చదవడం దేనికి?

అది కుదరక 2021లో భారత్ సిరీస్ తెచ్చారు. రెండేళ్ళకోసారి పన్ను కట్టవచ్చు, ఖరీదైన కారుకైనా 12 శాతం లెక్క. వాయిదాల్లో వసూలు సాధ్యమేనని ఢిల్లీయే రుజువు చేసిందన్నమాట! కానీ ఆ వెసులుబాటు ఎవరికి? ప్రభుత్వ ఉద్యోగులకు, నాలుగు లేదా అంతకు మించి రాష్ట్రాల్లో కార్యాలయాలున్న కంపెనీల ఉద్యోగులకు. సొంత క్లినిక్ నడుపుకునే వరంగల్ డాక్టరుకు లేదు. సూత్రం చేయవలసిన చోట ఒక వర్గానికి మినహాయింపు ఇచ్చి చేతులు దులుపుకున్నారు. రేటు రాష్ట్రానిది, పద్ధతి దేశానిది అన్న మాట ఒక్క పార్లమెంటు సభ్యుడి నోట కూడా నేను వినలేదు.

పొరుగున బంగ్లాదేశ్ ఏటా కారు ఇంజను పరిమాణాన్ని బట్టి ముందస్తు ఆదాయపు పన్ను వసూలు చేస్తుంది. 3500 సీసీ దాటితే ఏడాదికి 2 లక్షల టాకాలు, రెండో కారుకు ఒకటిన్నర రెట్లు. (అదే దేశంలో ఎంపీలు దశాబ్దాల పాటు సుంకం లేకుండా కార్లు దిగుమతి చేసుకున్నారన్నది వేరే సంగతి. చట్టసభలకు, విలాసపు కార్లకు ఉన్న అనుబంధం సరిహద్దులు ఎరగదు.) బ్రిటన్‌లో 40 వేల పౌండ్లు దాటిన కారుకు రెండో ఏడాది నుంచి ఐదేళ్ళపాటు మామూలు వార్షిక పన్ను మీద అదనం ఉంటుంది. 2025 ఏప్రిల్‌లో దాన్ని విద్యుత్ కార్లకూ వర్తింపజేశారు. అక్కడ స్థిరపడిన మనవాళ్ళు కారు ధర 40 వేలకు ఇటువైపు ఉందా అటువైపు ఉందా అని చూసుకుని కొంటారు. గీత ఎక్కడ గీసినా ఆ గీత పక్కన బేరం నడుస్తుంది, నిజమే. కానీ ఆ బేరం ఏ కారు కొనాలన్నదాని మీద. ఏ ఊళ్ళో ఉంటున్నట్టు అబద్ధమాడాలన్నదాని మీద కాదు.

ఇక మా మిత్రుడి సంగతి. ఇతర రాష్ట్రాల బంధువుల జోలికి పోలేదు గాని, ఆ కుర్రవాడు చెప్పిన రెండో దారి నచ్చింది. విద్యుత్ కారు. పెద్ద పెట్రోలు కారుకు జీఎస్‌టీ 40 శాతం, దీనికి 5. తెలంగాణలో 2026 డిసెంబరు 31 వరకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ రుసుము పూర్తిగా మినహాయింపు. కర్ణాటక 25 లక్షలు దాటిన విద్యుత్ కార్లకు 2024లో 10 శాతం పన్ను వేసింది, హైదరాబాదుకు ఆ ఆలోచన రాలేదు. బ్యాటరీతో రెండు టన్నులు దాటే ఆ బండి మీద రాష్ట్ర ఖజానాకు రోడ్డు పన్నుగా వచ్చింది సున్నా. మావాడు కారులో ఇంటికి దింపుతూ, మా వీధి చివర గుంత దగ్గర బ్రేకు వేసి మున్సిపాలిటీని తిట్టాడు.